తుల్సీరాం దేనితో పోయాడు

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నప్పటి నుంచి జ్యోత్స్న మూడుసార్లు బ్యాగు జిప్పు తీసి చూసుకుంది. కాగితం ఉంది, ఎక్కడికి పోతుంది, ప్లాస్టిక్ కవరులో మడత పడకుండా, కిందిమూలన నకలు అని ఆఫీసులో బసవపున్నయ్య సారు పెట్టిన సంతకంతో బుద్ధిగా ఉంది. అయినా చెయ్యి ఊరుకోదు. కండక్టరు వచ్చి ఆధార్ చూపించమన్నాడు, చూపించింది, సున్నా టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. ఖర్చు లేని ప్రయాణం, కిటికీ పక్క సీటు, జులై మబ్బు, రాత్రి వానకు తళతళలాడుతున్న రోడ్డు, ఒక మనిషికి ఇంతకన్నా ఏం కావాలి. లోపలంతా సంతోషమే. పొద్దున మొగుడు శ్రీను కూడా, కోచింగ్ కాలేజీకి పోవడానికి బూట్లు తొడుక్కుంటూ, ఏందే, పుట్టింటికి పోతున్నవా పెండ్లికి పోతున్నవా అని ఎగతాళి చేశాడు. అతనికొక్కడికే చెప్పింది. నాన్న గుండెజబ్బుతో పోలేదు, కట్లపాము కరిచి పోయాడు. ఇరవై రెండేళ్ల తర్వాత నిన్న సాయంత్రం నాలుగింటికి తెలిసింది. తండ్రిని పాము కరిచిందని తెలిసి ముసిముసిగా నవ్వుకుంటూ బస్సులో కూర్చున్న కూతురు ఈ జిల్లా మొత్తంలో తనొక్కతే అయి ఉంటుంది. పక్కవాళ్లు చూస్తే ఏమనుకుంటారని పెదవులు బిగించింది. ఆగలేదు, మళ్లీ నవ్వొచ్చింది.

నవ్వకూడని చోట నవ్వడం ఆమెకు ఆఫీసులోనే అలవాటైంది. మున్సిపాలిటీలో జనన మరణాల సెక్షన్ అంటే బయటివాళ్లు మొహం అదోలా పెడతారు గానీ, రోజంతా చావులు రాసేవాళ్లు రోజంతా ఏడుస్తూ కూర్చోలేరు కదా. పుట్టుకల కౌంటరు దగ్గర జనం మిఠాయి పెడతారు, చావుల కౌంటరు దగ్గర ఎవరూ ఏమీ పెట్టరు, అందుకని పుట్టుకలు రాసే ప్రమీల తనకొచ్చిన లడ్డూల్లో సగం ఇటు పంపిస్తుంది. అంకెలకు పెద్ద బసవపున్నయ్య సారు. సత్తుపల్లి వైపు మనిషి, తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. పోయేలోపు ఒక్క పట్టిక తప్పు లేకుండా వేసి పోవాలని పట్టుదల. ఇరవై ఏళ్ల కిందట ఖమ్మంలో జనం దేనితో పోయారు, ఇప్పుడు దేనితో పోతున్నారు. అందులో పెద్ద చిక్కొచ్చి పడింది. డాక్టరు నింపే ఫారంలో రెండు గీతలుంటాయి. మొదటి గీత మీద చివరి నిమిషంలో ఏమైందో రాస్తారు, రెండో గీత మీద అది దేనివల్ల అయిందో రాస్తారు. రిజిస్టరులో గడి చిన్నది, రెండో గీత మీది డాక్టరు రాత ఎవరికీ అర్థం కాదు, కాబట్టి మొదటి గీత ఒక్కటే ఎక్కించడం ఆ సెక్షన్‌కు ఎప్పటినుంచో అలవాటు. జ్యోత్స్న కూడా చేరిన కొత్తలో మూడేళ్లు అట్లాగే ఎక్కించింది. లారీ కింద పడ్డవాడికీ గుండె ఆగింది, జ్వరంతో పోయిన పిల్లకూ గుండె ఆగింది, తొంభై ఏళ్ల అవ్వకూ గుండె ఆగింది. ఒకరోజు సారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "అమ్మాయ్, గుండె ఆగకుండా ఎవరన్నా చచ్చారా ఈ ఊళ్లో? ఉంటే చెప్పు, వెళ్లి చూసొద్దాం" అన్నాడు. సెక్షన్ అంతా పడీపడీ నవ్వింది. మర్నాటి నుంచి అటక మీది పాత కట్టలన్నీ దించి, రెండో గీత చదివి, పట్టిక మళ్లీ మొదటి నుంచి వేయడం మొదలుపెట్టారు.

వేస్తున్నకొద్దీ ఆమెకు ఆ పని మీద ఇష్టం పెరిగింది, ఎవరికైనా చెబితే పిచ్చిదనుకుంటారు. పాత పట్టికలో చంటిపిల్లల గడి నిండా అంకెలు, కొత్త పట్టికలో అదే గడి చాలా వార్డుల్లో ఖాళీ. కాన్పులో పోయిన తల్లులు అప్పుడు ప్రతి కట్టలోనూ ఉన్నారు, ఇప్పుడు వెతకాలి. ఇప్పుడు పోతున్నవాళ్లు డెబ్బై దాటినవాళ్లు, షుగరు, కిడ్నీ, పక్షవాతం, ఆ తర్వాత బైపాసు మీద మోటారు సైకిళ్లు. జనం ముసలివాళ్లై పోతున్నారంటే అది మంచి వార్తే కదా. ఖమ్మంలో చావుల రేటు ఎక్కువని పై ఆఫీసు నుంచి ఎప్పుడూ చీవాట్లొస్తాయి గానీ అందులో చాలా మంది ఖమ్మం మనుషులే కాదు. చావు ఏ ఊళ్లో జరిగితే ఆ ఊళ్లోనే రాయాలి. ఇల్లందు తండాల నుంచి, భద్రాచలం అవతలి గూడేల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో ఇక్కడి దవాఖానాలకు వచ్చి, వచ్చిన పూటే పోయేవాళ్లు. వాళ్లకు సారు పెట్టిన పేరు చుట్టాలు. చుట్టాలు వేరు, ఇంటివాళ్లు వేరు, వేరే కాలమ్ గీయమ్మాయ్ అంటాడు. నిన్న సాయంత్రం చుట్టాల కట్ట విప్పి, దుమ్ముకు తుమ్ముకుంటూ ఒక్కో ఫారం తిప్పుతుంటే, బానోత్ తుల్సీరాం, నలభై అయిదు, మగ. చెయ్యి ఆగిపోయింది. ఫ్యాన్ గాలికి ఎగరకుండా కాగితాల మీద పెట్టిన స్టీలు గ్లాసు అట్లాగే ఉంది, ప్రమీల ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంది, తన చూపుడు వేలు కింద మాత్రం నాన్న పేరు. మొదటి గీత, గుండె ఆగింది, శ్వాస ఆగింది. రెండో గీత, వెలిసిపోయిన నీలం సిరాలో వంకర రాత. నెలల తరబడి వంకర రాతలు చదివి చదివి ఆరితేరిన కళ్లు కాబట్టి చదివేశాయి. కనురెప్పలు వాలినవి, నాలుక మందం, మింగలేడు, కట్లపాము కాటు.

నలభై అయిదు. ఆ అంకె తమ ఇంట్లో ఎంత పెద్దదో సారుకు తెలియదు. నాన్న నలభై అయిదుకు పోయాడు, తాత హరిలాల్ కూడా అటూ ఇటూగా అదే ఈడుకు, నాన్న కాపలాకు పడుకునే చేనిగట్టు గుడిసెలోనే పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు, ఆయనకు ఫారం లేదు, గీతలు లేవు. అప్పట్లో ఖమ్మంలో ఎవరో గుమాస్తా రిజిస్టరు చూసి, మీ నాయనది గుండెనయ్యా అని చెప్పాడు, ఇరవై ఒక్కేళ్ల అన్న కోటేష్ అది మోసుకుని తండాకు వచ్చాడు. ఇక దించలేదు. మా ఇంట్ల మొగోళ్లు నలభై అయిదు దాటరు. ఇప్పుడు అన్నకు నలభై మూడు. నలభై రాగానే ఉప్పు మానేశాడు, తీజ్ పండుగలో డప్పు పట్టడం మానేశాడు, మూడు నెలలకోసారి ఇల్లందు వచ్చి ఛాతీకి వైర్లు తగిలించుకుని గీతల కాగితం తీయించుకుంటాడు, అది ఎప్పుడూ బాగానే ఉంటుంది, బాగున్నదని చూసి ఇంకా భయపడతాడు. ఆరు నెలల్లో చేతికొచ్చే పంటే వేస్తాడు, పత్తి, మక్క, అంతకు మించి చూడడు. వదిన కళ్యాణి మంచి గడుసుది, మీ అన్న కరివేపాకు మొక్క పెట్టమన్నా ఎన్నొద్దులకు కోస్తమని అడుగుతడమ్మా అంటుంది. ఈ ఏడు మూడెకరాల్లో పామాయిల్ తోట పెడదామంటే మొక్కలకు తండా అంతా పేర్లు రాయించింది గానీ అన్న రాయించలేదు. "నాలుగేండ్లకు గెల పడతది. నేను నాలుగేండ్లు ఏడికెల్లి తేవాలె జ్యోత్స్నా?" అన్నాడు ఫోన్‌లో, ఏడుస్తూ కాదు, మామూలుగా, ధర అడిగినట్టు. పేర్లు రాసుకోవడం ఈ సాయంత్రంతో అయిపోతుంది. అదొక్కటే అయితే రేపో ఎల్లుండో అనుకోవచ్చు. మంచె ఎక్కితే గుండెకు అలుపని, విత్తిన మక్కలు తవ్వే అడవి పందులకు కాపలాగా ఈ వారం నుంచీ అన్న ఆ గుడిసెలోనే పడుకుంటున్నాడు. కింద, నేల మీద, చాప వేసుకుని. లేని జబ్బుకు భయపడి సరిగ్గా నాన్న పడుకున్న చోటికే పోయి పడుకున్నాడు. అది గుర్తొచ్చి నిన్న ఆఫీసులోనే నిలబడి అన్నకు ఫోన్ చేసింది, భియా, ఇయ్యాల ఇంట్ల పండుకో, మంచం మీద పండుకో, ఎందుకని అడగకు, రేపు వస్తున్న.

రఘునాథపాలెం దాటింది. పక్క సీటులో కూర్చున్న పెద్దాయన ఎప్పుడెక్కాడో కూడా చూసుకోలేదు. కంటికి ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకున్నాడు, వొళ్లో మందుల సంచీ. పేరు బొజ్జయ్య అట, భద్రాచలం దారిలో అడవి లోపలి గూడెం, ఇల్లందులో కూతురు ఇంట్లో రెండ్రోజులుండి పోతాడట. ఒక కన్ను కొత్తగా వచ్చిన ఉత్సాహంలో కిటికీ లోంచి కనిపించిన ప్రతి బోర్డు వైపూ వేలు పెట్టి చూపిస్తున్నాడు. "ఏం నౌకరి బిడ్డా?" అన్నాడు. చచ్చిపోయినోళ్ల పేర్లు రాస్త తాతా అంది. ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. "నా పేరు ఎప్పుడు రాస్తవ్ మరి? కన్ను జేపిచ్చుకున్న గద, జర ఆగి రాయి." ఆమె కూడా నవ్వి, ఎందుకో, ఎవరితోనూ అనని మాట ఈ నల్లద్దాల మనిషితో అనడం తేలికనిపించి, తాతా, కట్లపాము కరిస్తే ఎట్లుంటది అని అడిగింది. ఆయన నవ్వు ఆపి ఆమె వైపు తిరిగాడు.

"నొప్పుండది. గాటు గుడ కానరాదు. పొద్దుగాల లేస్తే కడుపుల నొప్పి, కండ్లు మూతలు పడ్తయ్, మాట ముద్దముద్దగ వస్తది. చూసెటోళ్లు తాగిండనుకుంటరు. మా బామ్మర్దిని గట్లనే తాగిండని మేమే పండవెట్టినం."

"మరి తర్వాత తెలిసిందా?"

"తెల్సింది. చాప మడిస్తె కింద ఉన్నది."

అంతే చెప్పి ఆయన మళ్లీ బోర్డుల వైపు తిరిగాడు. మేమే పండవెట్టినం. నిన్నటి నుంచీ జ్యోత్స్న సంతోషం పక్కన కూర్చుని వస్తున్నది ఆ మాటే, దాని మొహం చూడకుండా ఇంత దూరం వచ్చింది. యాడి. నాన్నను తాము బా అంటారు, అమ్మను యాడి అంటారు, ద్వాలి యాడి, తండాలో అందరూ భయపడే నోరు. ఆ పొద్దు జ్యోత్స్నకు పన్నెండేళ్లు, గుమ్మంలో కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటోంది, అన్నీ కనిపించాయి. నాన్న చేను నుంచి తూలుకుంటూ వచ్చాడు, కళ్లు సగం మూతలు, ఏదో అనబోతే మాట ముద్దయింది. సీత్లా పండుగ నాడు అమ్మవారి ముందు చెయ్యి పెట్టి ఇక సారా ముట్టనని ఒట్టేసి రెండు నెలలు కాలేదు. యాడి ఆ రెండు నెలలూ ఎంత మురిసింది, తలకు నూనె పెట్టేది ఆయనకు, తండాలో ఎదురొచ్చిన ప్రతి ఆడదానికీ మా ఆయన మానిండని చెప్పుకునేది. ఆ మనిషి తూలుతూ వస్తే చూసి యాడి ఒక్క మాట అనలేదు. దానికే భయం వేసింది జ్యోత్స్నకు, తిట్టకపోవడానికి. మంచం వాల్చి, వెనక్కి తిరిగి, పొయ్యి దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం ఊపిరి తేడాగా వస్తోందని అన్న కేకేస్తేనే లేచింది. ట్రాక్టరు, ఇల్లందు, అక్కడి నుంచి ఖమ్మం, చీకటి పడకముందే అయిపోయింది. తండాకు తెచ్చాక అందరూ ఏడ్చారు, యాడి ఏడవలేదు. దీపావళి అమావాస్యకు పెద్దల పేరు చెప్పి నిప్పుల మీద పాయసం, నెయ్యి వేసేటప్పుడు అత్త పేరు, మామ పేరు, ఎవరెవరి పేర్లో చెబుతుంది, మొగుడి వంతు రాగానే గరిటె కోటేష్ చేతికిచ్చి లోపలికి పోతుంది. ఇరవై రెండేళ్లలో ఆయన మీద ఆమె అన్న మాట ఒక్కటే. మాట తప్పినోడు.

ఇప్పుడు పోయి ఆమె ముందు ఈ కాగితం పెడితే ఏం జరుగుతుంది. పాము విషం, మందు ఉంది, సూది ఉంది, పొద్దున్నే తీసుకుపోయి ఉంటే బతికేవాడేమో, నువ్వు పొయ్యి దగ్గర కూర్చున్నావు, ఇదే కదా కాగితంలో ఉన్నది, అక్షరాలు వేరుగానీ యాడికి వినిపించేది ఇదే. అరవై ఆరేళ్ల మనిషి. ఇరవై రెండేళ్లు కోపంతో గట్టిగా నిలబడ్డ మనిషి, ఆ కోపం తీసేసి దాని బదులు ఇది ఇస్తే నిలబడుతుందా. నిన్న రాత్రి శ్రీను అన్నాడు, కోటేష్ బావకు ఒక్కనికే చెప్పు, యాడికెందుకు. నిజమే. అన్నను పక్కకు పిలిచి చెబుదాం, గుండె కాదు భియా, పామాయిల్ పెట్టుకో, కింద పడుకోకు, యాడికి అనకు. అన్న ఆగుతాడా, ఆగుతాడు, భయపడ్డ మనిషి రహస్యం బాగా దాస్తాడు. కానీ సంతోషపడ్డ మనిషి దాస్తాడా. రేపు డప్పు తీసి కొడితే యాడి అడగదా ఏమైందిరా అని. దాచడానికి వీల్లేదని కాదు, దాచాలనిపించడం లేదు, అదీ సంగతి, ఆ మొదటి గీత ఒక్కటి చెప్పి రెండో గీత చెప్పని పనికే కదా అన్న జీవితం సగం పోయింది. తనూ మూడేళ్లు అదే పని చేసింది, ఎన్ని ఇళ్లకు గుండెజబ్బు అంటించి పంపిందో దేవుడికి తెలుసు. ఇప్పుడు సొంత తల్లికి కూడా ఒక గీత చెప్పి ఒక గీత మింగాలా. అయినా యాడి ఏడిస్తే. ఏడవనీ. బొజ్జయ్య తాత బామ్మర్దిని తనే పండబెట్టాడు, బతికే ఉన్నాడు, కన్ను చేయించుకున్నాడు, బోర్డులు చదువుతున్నాడు. కామేపల్లి దాటాక అడవి మొదలైంది, టేకాకులు ఇంతింత, వాన వాసన బస్సు నిండా, ఎవరో వెనక సీటులో వేయించిన పల్లీలు వొలుచుకుంటున్నారు. భయంగా ఉంది, హాయిగానూ ఉంది, రెండూ ఒకేసారి. యాడి లేనప్పుడు అన్నకు చెబుదాం, ఆ తర్వాత చూద్దాం, ముందు అన్న. ఆ నిర్ణయానికి వచ్చేసరికి తండా స్టేజీ వచ్చింది. బొజ్జయ్యకు చెప్పి దిగింది.

టీ కొట్టు దగ్గర అన్న బండి. వెనక సీటు మీద, కొంగు నడుముకు దోపుకుని, యాడి.

జ్యోత్స్న లెక్కలన్నీ అక్కడికక్కడే తప్పాయి. యాడి బండి దిగి ఎదురొచ్చి, కూతురి మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఉత్తగనే రావు నువ్వు. శ్రీను ఏమన్నన్నడా?" ఏమీ అనలేదంది. "మరి నిన్న ఫోన్ ఎందుకు జేసినవ్? గుడిసెల పండుకోకని ఎందుకన్నవ్? రాత్రంత నిద్ర లేదు వీనికి, నాకు." అన్న బండి మీదనే కూర్చుని, అలవాటుగా ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని చూస్తున్నాడు. అబద్ధం చెప్పడానికి జ్యోత్స్న నోరు తెరిచింది, చక్కటి అబద్ధం కూడా ఒకటి నాలుక మీదికి వచ్చింది. ఆ చెయ్యి చూసి మానుకుంది. బ్యాగులోంచి కాగితం తీసింది.

"మన బా ఫారం దొరికింది యాడీ. గుండె కాదు. కట్లపాము కరిచింది." మొదటి గీత చదివింది, ఇది చివరి నిమిషం, ఇది అందరికీ ఉండేదే అని చెప్పింది. రెండో గీత చదివింది. కనురెప్పలు వాలినవి, నాలుక మందం, మింగలేడు, ఒక్కో మాటా మెల్లగా. కోటేష్ బండి దిగి కాగితం లాక్కున్నాడు. తనకు చదవడం రాని అక్షరాల మీద వేలు పెట్టి, "గుండె కాదా?" అన్నాడు. కాదు భియా. "తాతకు?" తాతకు కూడా కాకపోవచ్చు, అదే గుడిసె, అదే నేల. "గుండె కాదా?" మళ్లీ అదే అన్నాడు, ఇంకా అడిగేటట్టే ఉన్నాడు, నలభై మూడేళ్ల మనిషి, టీ కొట్టు బల్ల మీద కూలబడి నవ్వుతున్నాడా ఏడుస్తున్నాడా తెలియకుండా. జ్యోత్స్నకు అన్న వైపు చూడాలని ఉంది, ఈ మొహం చూడడానికే కదా ఇంత దూరం వచ్చింది, కానీ కళ్లు యాడి మీది నుంచి కదలవు. ఆమె ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంది. ఇప్పుడు అంటుంది, నేనే చంపిన అని ఇప్పుడు అంటుంది.

"కండ్లు మూతలు పడ్డది ఇసానికా?" అంది యాడి.

"అవ్ యాడీ."

"నాలిక ముద్దయింది గుడ ఇసానికేనా?"

"అవ్."

"సారకు గాదు?"

"కాదు."

యాడి కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. జ్యోత్స్న రెండు చేతులా పట్టుకుంది, సూది గురించి అడిగితే ఏం చెప్పాలో, ఆలస్యం గురించి అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంటూ. యాడి అవేవీ అడగలేదు. "తాగలే," అంది. "ఆయన తాగలే." ఇరవై రెండేళ్లు ఆగిన ఏడుపు టీ కొట్టు ముందు, బస్సుల రోడ్డు మీద, పట్టపగలు వచ్చేసింది, ఆ ఏడుపులోనే మొహం విప్పారుతోంది. "గంజి అడిగిండే ఆ పొద్దు. చెయ్యి సాపిండు. తాగొచ్చినోనికి గంజేందని పొయ్యలే నేను. పోసేదాన్ని గద బిడ్డా, తాగలేదని తెలిస్తె పోసేదాన్ని గద." అని, కళ్లు తుడుచుకుని, పొయ్యి మీది పాలు పొంగిపోతున్నా చూడకుండా నిలబడ్డ టీ కొట్టామెతో, "మా ఆయన ఒట్టు తప్పలేదంట, ఇను" అంది. ఇల్లందు వైపు నుంచి వచ్చి ఆగిన ఆటోవాడితో అంది. సిగ్గు లేదు, బిడియం లేదు, రెండు నెలలు మురిసిన మనిషి మళ్లీ వచ్చింది.

కోటేష్ లేచి, కాగితం చెల్లెలి చేతిలో పెట్టి, బండి తిప్పాడు. పామాయిల్‌కు పేర్లు రాసుకునేది ఎందాకని అడిగాడు, సాయంత్రం దాకా అంది జ్యోత్స్న, ముగ్గురం పోదాం ఎక్కండి అన్నాడు. యాడి ఎక్కలేదు. కూతురి చేతిలోని కాగితం మీద, ఆ రెండు గీతల కింద ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది.

"ఇంత జాగ ఉన్నది గద. గది గుడ రాయి బిడ్డా మీ బుక్కుల. తాగలేదని రాయి."

జ్యోత్స్న బ్యాగులో పెన్ను కోసం వెతుకుతూ, "రాస్త యాడీ" అంది.